అంగోలా వెళ్లే వెల్డరు, 1.6 క్రియాటినిన్: ఉద్దానం నుంచి ఒక కేసు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు దేశాలు పట్టి పోవడం కొత్త కాదు. గల్ఫ్ తర్వాత ఇప్పుడు ఆఫ్రికా ప్రాజెక్టులు వస్తున్నాయి. అలా వెళ్లేముందు మా క్లినిక్‌కు వచ్చిన ఇద్దరు ముగ్గురి వివరాలను కలిపి ఒక్క మనిషిగా ఇక్కడ రాస్తున్నాం. ఊరు పేరు రాయడం లేదు.

మగ, 36 ఏళ్లు, 58 కిలోలు, పైపు వెల్డరు. అంగోలాలో రిఫైనరీ పని, 11 నెలల కాంట్రాక్టు. విమానానికి 33 రోజుల ముందు వచ్చాడు. అడిగింది ఒక్కటే: "ఆ పసుప్పచ్చ కార్డు ఎక్కడిస్తారు బాబూ?" ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు అది. చేతిలో ఏజెంటు చేయించిన మెడికల్ ఫిట్ రిపోర్టు ఉంది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ, వీడీఆర్ఎల్, షుగర్, మూత్రంలో అల్బుమిన్ చూశారు. అన్నీ నార్మల్. కిడ్నీ పని చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మాత్రం చూడలేదు.

ఉద్దానం మనిషికి ఆ ఒక్క లోటు చాలా పెద్దది. ఇక్కడి కిడ్నీ జబ్బులో చాలామందికి షుగర్ ఉండదు, బీపీ పెద్దగా పెరగదు, మూత్రంలో అల్బుమిన్ పోవడం కూడా తక్కువే. మూత్రంలో పట్టీ ముంచి చూసే పరీక్ష బాగానే ఉందంటుంది, లోపల కిడ్నీ మెల్లగా తగ్గిపోతుంటుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి ఎవరు పైదేశం వెళ్తున్నా, ఏ టీకా గురించి మాట్లాడకముందే క్రియాటినిన్ రాయడం మా అలవాటు. ఇతనికి 1.6 వచ్చింది. వయసు లెక్కలో వేస్తే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) సుమారు 57. బీపీ 130/82. మూత్రంలో అల్బుమిన్ ట్రేస్.

మాత్రల సంచి

"వాడే మందులన్నీ తేవయ్యా" అంటే మర్నాడు ప్లాస్టిక్ కవరు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. సగం కత్తిరించిన డైక్లోఫెనాక్ రేకు, పేరున్న భాగం షాపులోనే ఉండిపోయిన ఇంకో రేకు, దినపత్రిక ముక్కలో మడిచిన చిన్న తెల్ల మాత్రలు. నడుము నొప్పికి, వెల్డింగ్ చేసి వంగి లేచాక మెడ నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవి. "నొప్పులకే గదా బాబూ, నెలకి పదేసుకుంటే ఏటవుద్ది?" అన్నాడు. పది కాదు, లెక్క వేస్తే నెలకు పాతిక పైనే తేలాయి.

తెల్ల మాత్ర ఏమిటో తేలేదాకా ఎల్లో ఫీవర్ టీకాకు పంపలేదు. కారణం ఉంది. అది బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా, 17డీ రకం. స్టెరాయిడ్ వల్ల ఒంటి రక్షణ బాగా తగ్గినవాళ్లకు ఇస్తే టీకా వైరస్సే జబ్బు తెచ్చే ప్రమాదం ఉంది. ఆర్ఎంపీకి ఫోన్ చేసి మర్యాదగా అడిగితే చెప్పాడు: డెక్సామెథాసోన్ (అనుకున్నట్టే స్టెరాయిడ్) అర మిల్లీగ్రాము, రోజుకు 2, వారంలో మూడు రోజులు. గదమాయించి ఉంటే "గ్యాస్ మాత్రండీ" అని తప్పించుకునేవాడు.

లెక్క ఇది. స్టెరాయిడ్ మోతాదును ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌లోకి మార్చి చూస్తాం. డెక్సామెథాసోన్ 0.75 మి.గ్రా. అంటే ప్రెడ్నిసోలోన్ 5 మి.గ్రా.తో సమానం. రోజుకు 1 మి.గ్రా. అంటే ప్రెడ్నిసోలోన్ దాదాపు 6.7. ప్రెడ్నిసోలోన్ రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకు పైన, రెండు వారాలు లేదా అంతకంటే ఎక్కువ వాడిన వాళ్లకు బతికున్న టీకాలు ఆపుతాం, మందు మానాక కనీసం నెల ఆగుతాం. ఇతను ఆ గీతకు చాలా దిగువన ఉన్నాడు, రోజూ కూడా వాడలేదు. టీకాకు అడ్డు లేదు. రెండు రకాల మాత్రలూ ఆ రోజే మాన్పించాం. నొప్పి ఉంటే పారాసిటమాల్ 650, రోజుకు మూడుకు మించకుండా. రోజూ నెలల తరబడి స్టెరాయిడ్ మింగినవాళ్లకు ఇలా ఒక్కసారిగా ఆపకూడదు. కళ్లు తిరిగి పడిపోతారు.

నొప్పి మాత్రలు మాని, నీళ్లు సరిగ్గా తాగి పది రోజులకు మళ్లీ చూస్తే క్రియాటినిన్ 1.4. ఈజీఎఫ్ఆర్ 67. అంటే 1.6లో కొంత డైక్లోఫెనాక్ పుణ్యమే. మిగతాది మూడు నెలలు చూస్తే గాని దీర్ఘకాలిక జబ్బు అని పేరు పెట్టలేం. స్కానింగులో రెండు కిడ్నీలూ 9.2 సెం.మీ. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోమన్నాం. వాళ్లూ "వెళ్లొచ్చు, ఎండలో జాగ్రత్త, మూడు నెలలకోసారి పరీక్ష" అన్నారు.

వెళ్లకుండా ఆపాల్సింది కదా అని అడిగేవాళ్లుంటారు. ఈ అంకెకు ఆపే ఆధారం మా దగ్గర లేదు. రెండెకరాల జీడితోట తాకట్టు పెట్టి వీసా కట్టిన మనిషి వద్దంటే ఆగడు, చెప్పకుండా పోతాడు. చెప్పి పోయేలా చేసుకోవడం మేలు.

టీకాల తేదీలు

వెళ్లే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే పని తేలిక. మొదటి రోజే, అంటే 33 రోజుల ముందు, మూడు సూదులు: టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) 0.5 మి.లీ., టైఫాయిడ్ కాంజుగేట్ టీకా 0.5 మి.లీ., హెపటైటిస్ బి మొదటి డోసు 1 మి.లీ. (20 మైక్రోగ్రాములు). మూడూ కండలోకే. ఒకే భుజంలో రెండు వేస్తే మధ్య అంగుళం ఎడం. ఇవి బతికున్న క్రిమితో కాక, క్రిమి ముక్కలతో చేసిన టీకాలు కాబట్టి ఎల్లో ఫీవర్ టీకాకు ముందూ వెనకా ఎప్పుడైనా వేయొచ్చు. బతికున్న టీకాలు రెండుంటే మాత్రం ఒకే రోజు వేయాలి, లేదా 4 వారాల ఎడం ఉండాలి.

హెపటైటిస్ బి మామూలుగా 0, 1, 6 నెలలకు. ఇతనికి అంత గడువు లేదు. అందుకని 0, 7, 21 రోజులు, ఆపై 12వ నెలలో నాలుగోది. అంటే 33, 26, 12 రోజుల ముందు. ఇంత గట్టిగా పట్టుకోవడానికి అంగోలా ఒక్కటే కారణం కాదు. కిడ్నీ తగ్గే కొద్దీ ఈ టీకాకు ఒళ్లు స్పందించడం తగ్గుతుంది, డయాలసిస్ దాకా వెళ్లాక డోసు రెట్టింపు వేసినా పట్టనివాళ్లుంటారు. క్రియాటినిన్ 1.4 ఉన్నప్పుడు వేసుకోవడమే చవక.

హెపటైటిస్ ఎకు వేయలేదు. మన వైపు పెద్దవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా వచ్చి పోయి ఉంటుంది. ఐజీజీ (పాత రక్షణ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేస్తే ఇతనికి పాజిటివ్, సూది ఖర్చు మిగిలింది. రేబిస్ ముందస్తు డోసులు (0, 7 రోజులు) చెప్పాం, డబ్బు దగ్గర ఆగిపోయింది. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బూ నీళ్లతో కడిగి అదే రోజు క్లినిక్‌కు పోవాలని కాగితం మీద రాసిచ్చాం. పోలియో సర్టిఫికెట్ కావాల్సిన దేశాల జాబితా మారుతుంటుంది. కావాల్సిన దేశమైతే నాలుగు వారాల ముందే వేసుకోవాలి, ఏడాది దాటితే చెల్లదు. ఇతనికి అవసరం పడలేదు.

ఎల్లో ఫీవర్ టీకా, పాస్‌పోర్టు

ఈ టీకా మా దగ్గర ఉండదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, వాళ్లిచ్చే కార్డే చెల్లుతుంది. మన జిల్లాలకు దగ్గరిది విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్. ముందు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోవాలి. వయల్‌లో ఐదో పదో డోసులుంటాయి, నీళ్లు కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. అందుకే ఒక్కడి కోసం తెరవరు, మనుషులను కూడగట్టి రోజు పెడతారు. పలాస నుంచి రైలెక్కి ఊరికే వెళ్తే తిరుగు టికెట్టే మిగులుతుంది.

25 రోజుల ముందు వెళ్లాల్సిన మనిషి వెళ్లలేకపోయాడు. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉంది, ఏజెంటు ముంబయి పంపేశాడు. చేతిలో ఉన్నది జిరాక్సు. జిరాక్సు మీద కార్డు రాయరు. కొరియర్లో తిరిగొచ్చేసరికి పది రోజులు పోయాయి. టీకా పడింది 15 రోజుల ముందు. కార్డు చెల్లుబాటు మొదలయ్యేది టీకా వేసిన పదో రోజు దాటాక. అంటే మిగిలింది 5 రోజులు. వారం ఆలస్యమైతే టికెట్ మార్చుకోవాల్సి వచ్చేది. మెడికల్‌కు వచ్చినవాళ్లకు ఇప్పుడు మేం మొదట చెప్పే మాట ఇదే: ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేముందు సూది.

కార్డు చేతికందగానే అక్కడే నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లు ముందా వెనకా అన్న చోటే తప్పులొస్తాయి. పాస్‌పోర్టు నంబరు, టీకా తేదీ, బ్యాచ్ నంబరు, వేసినవాళ్ల సంతకం, ముద్ర, ఆఖరున తన సంతకం. కొట్టివేత, దిద్దుబాటు ఏ ఒక్కటున్నా దిగిన చోట చెల్లదనే హక్కు వాళ్లకుంది. తప్పుంటే దిద్దించుకోకూడదు, కొత్త కార్డు రాయించుకోవాలి. 2016 జూలై 11 నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్లని రాసి ఉన్నా సరే, మళ్లీ సూది అక్కర్లేదు.

డోసు 0.5 మి.లీ., చర్మం కింద. అరగంట అక్కడే కూర్చోబెడతారు. గుడ్డు తింటే గొంతు వాచి ఆయాసం వచ్చేవాళ్లు, థైమస్ గ్రంథి జబ్బున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్లు వేయించుకోకూడదు. 60 దాటి మొదటిసారి వేయించుకునేవాళ్ల విషయంలో ఆలోచించాలి, వాళ్లలో అరుదైన తీవ్ర ప్రభావాలు కొంచెం ఎక్కువ. క్రియాటినిన్ 1.4 అడ్డు కాదు. మూడో రోజు నుంచి ఒళ్లు నొప్పులు, కొంచెం జ్వరం వస్తే రావచ్చు. ఇతనికి ఐదో రోజు వచ్చాయి. సంచిలో మిగిలిన డైక్లోఫెనాక్ జోలికి పోకుండా ఫోన్ చేశాడు. పారాసిటమాల్‌తో పోయింది.

వెళ్లేటప్పుడు అంగోలా అడుగుతుంది సరే, తిరిగొచ్చేటప్పుడు మన దేశమూ అడుగుతుంది. కార్డు పోగొట్టుకుని దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే నియమం ఉంది. మన దగ్గర ఈ జబ్బు లేదు, దాన్ని మోసే ఈడిస్ దోమ మాత్రం ప్రతి కుండీలోనూ ఉంది. 2015 డిసెంబరులో అంగోలా రాజధాని లువాండా శివారు వియానాలో మొదలైన ఎల్లో ఫీవర్ 2016లో టీకా లేని చైనా కార్మికులు 11 మందితో పాటు చైనా చేరింది. ఆసియాలోకి ఈ జబ్బు దిగడం అదే మొదటిసారి. అందుకే కార్డు ఒరిజినల్ పాస్‌పోర్టులోనే ఉండాలి, ఫొటో ఫోన్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి.

మలేరియా మాత్ర ఎంపిక

మాకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. "మలేరియా మాకు తెలీనిదా" అన్నాడు. పార్వతీపురం ఏజెన్సీలో మూడేళ్లు పని చేశాడట. అప్పుడొచ్చిన మలేరియా ఇప్పుడు కాపాడదు. అంగోలాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం రకం మలేరియా, క్లోరోక్విన్ మందుకు లొంగదు. ముందు జాగ్రత్త మాత్ర తప్పదు.

మన జాతీయ మార్గదర్శకాల్లో ఆరు వారాల లోపు ప్రయాణానికి డాక్సీసైక్లిన్ రోజూ 100 మి.గ్రా., అంతకు మించితే మెఫ్లోక్విన్ వారానికోసారి 250 మి.గ్రా. పదకొండు నెలలు కాబట్టి మెఫ్లోక్విన్‌తో మొదలుపెట్టాం. మూర్ఛ, డిప్రెషన్, నిద్రలేమి చరిత్ర అడిగాం, లేవు. 24 రోజుల ముందు మొదటి మాత్ర వేయించడానికి ఒక లెక్క ఉంది: ఇబ్బంది పడేవాళ్లకు ఎక్కువగా మొదటి మూడు మాత్రల్లోనే తెలిసిపోతుంది. రెండో మాత్ర తర్వాత ఇతనికి రాత్రుళ్లు పీడకలలు, పగలు లేచి నిలబడితే తూలు. మామూలు ఉద్యోగమైతే కొన్నాళ్లు చూడొచ్చు. ఇతను 12 మీటర్ల ఎత్తు పైపు ర్యాక్ మీద వెల్డింగ్ చేసే మనిషి. ఆపేశాం. ఇంటి దగ్గరే తెలియడం అదృష్టం.

ఇంకో ముందు జాగ్రత్త మాత్ర అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మంచి మందు, కానీ రోజూ ఒకటి చొప్పున 11 నెలలంటే ఖర్చు మోయలేనిది, మన ఊళ్ల షాపుల్లో దొరకడమూ కష్టం. (కిడ్నీ పని 30 లోపు పడిపోతే అది ఇవ్వకూడదు, ఇతనికి ఆ గొడవ లేదు.) మిగిలింది డాక్సీసైక్లిన్. కిడ్నీకి ఫర్వాలేదు, చవక, దొరుకుతుంది. ఆరు వారాలు దాటి వాడటం మన మార్గదర్శకంలో లేకపోయినా ఇతర దేశాల్లో నెలల తరబడి ఇస్తారు. ఈ మనిషికి అదే మేలనుకున్నాం.

డాక్సీకి ఒక చిక్కుంది, వెల్డరుకు అది రెట్టింపు. చర్మానికి అతినీల కాంతి సోకితే కాలినట్టు కందిపోతుంది. ఆ కాంతి ఎండలో ఉంటుంది, ఆర్క్‌లోనూ (వెల్డింగ్ మెరుపులోనూ) ఉంటుంది. హెల్మెట్ ముఖాన్ని కాస్తుంది, చేతులకు తొడుగులుంటాయి. కాలర్‌కూ హెల్మెట్‌కూ మధ్య రెండు వేళ్ల వెడల్పు మెడ మాత్రం ఖాళీ. పక్కవాడి ఆర్క్ వెనకనుంచి అక్కడికే తగులుతుంది. మెడ వెనక వేలాడే గుడ్డ హెల్మెట్‌కు కుట్టించుకోమని, మందపాటి నూలు గుడ్డే తీసుకోమని, టెర్లిన్ అయితే నిప్పురవ్వకు కరిగి అంటుకుంటుందని చెప్పాం.

మింగే పద్ధతి కూడా ముఖ్యం. రాత్రి భోజనం కడుపు నిండా తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, గంటసేపు పడుకోకుండా. గుటకెడు నీళ్లతో మింగి మంచం ఎక్కితే మాత్ర గొంతు కింద అంటుకుని పుండు పడుతుంది, మర్నాడు గుండెనొప్పని వస్తారు. పాలు, గ్యాస్ మందు, ఐరన్ మాత్రకు రెండు మూడు గంటల ఎడం. వెళ్లే రెండు రోజుల ముందు మొదలు, తిరిగొచ్చాక 4 వారాలు ఆపకూడదు. ఊళ్లో అడుగు పెట్టగానే మానేయడం మేం చూసే మామూలు తప్పు. కాలేయంలో ఉన్న పురుగు ఆ తర్వాతే రక్తంలోకి దిగుతుంది. మొత్తం 365 మాత్రలు దాకా. 120 వెంట ఇచ్చాం, చేతి సంచిలోనే, చీటీతో సహా. మిగతావి సైట్ క్లినిక్‌లోనే తీసుకోవాలి, సంతలో కొనకూడదు. నకిలీ మలేరియా మందులు ఆఫ్రికాలో నిజమైన సమస్య. అంగోలాలో భాష పోర్చుగీసు. చీటీలో బ్రాండు పేరు వాళ్లకు అర్థం కాదు, మందు అసలు పేరే రాశాం.

దోమతెర, పొడుగు చేతుల చొక్కా అందరూ చెప్పేవే. ఒకటి అడిగినవాళ్లు తక్కువ: మన షాపుల్లో అమ్మే దోమ క్రీముల్లో ఎక్కువగా ఉండేది డీట్ అనే దోమల మందు కాదు, 12 శాతం డైఇథైల్ బెంజమైడ్. నాలుగు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. రాత్రి షిఫ్టుకు ఒక్కసారి రాసుకుని వెళ్తే సగం రాత్రి ఒట్టి చేతులే.

నీళ్లు, జ్వరం

ఎండలో పని చేస్తుంటే 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, 240 మి.లీ. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. గంటకు లీటరున్నర మించి తాగకూడదు, ఉప్పు పలచబడిపోతుంది. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని గుర్తు. ఓఆర్ఎస్ ప్యాకెట్లలో 200 మి.లీ.కి కలిపేవి, లీటరుకు కలిపేవి వేరువేరు. చిన్న ప్యాకెట్ లీటరులో కలిపితే ఉత్త నీళ్లు, పెద్దది గ్లాసులో కలిపితే ఉప్పు మందు. కవరు మీద ఎంతుంటే అంతే. 2025 జనవరిలో లువాండా ప్రాంతంలో కలరా మొదలైంది కాబట్టి మరగబెట్టిన లేదా క్లోరిన్ వేసిన నీళ్లే, ఐసు వద్దు. విరేచనాలు పట్టుకున్న రోజు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు. ఒళ్లు ఎండిపోయిన కిడ్నీ మీద ఆ మాత్ర ఒక్క రోజులో పని చెడగొడుతుంది.

అక్కడ జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. క్లినిక్ 24 గంటల్లో అందని చోట వాడుకోవడానికి మలేరియాను నయం చేసే ఆర్టెమీథర్-ల్యూమెఫాంట్రిన్ ఒక కోర్సు ఇచ్చాం: 80/480 మి.గ్రా. చొప్పున ఆరు డోసులు, 0, 8, 24, 36, 48, 60 గంటలకు, కొవ్వున్న తిండితో. మింగాక కూడా ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇంటికొచ్చాక మూడు నెలల్లో జ్వరమొస్తే మొదటి మాట "ఆఫ్రికా నుంచి వచ్చాను" అని ఉండాలి. మన జిల్లాలో ఫాల్సిపేరానికి ఇచ్చే కోర్సులో ఆర్టెసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఉంటుంది. ఆఫ్రికాలో చాలా చోట్ల పురుగు రెండో మందుకు లొంగడం మానేసింది. ఎక్కడ పట్టిందో తెలిస్తే డాక్టరు మందు మారుస్తాడు. శ్రీకాకుళం రిమ్స్ అయినా, విజయనగరం మహారాజా ఆసుపత్రి అయినా ఆ మాట చెప్పకపోతే మామూలు కోర్సే పడుతుంది.

ఇప్పటివరకు

మూడో నెలలో సైట్ క్లినిక్ నుంచి వాట్సాప్‌లో రిపోర్టు పంపాడు: క్రియాటినిన్ 1.4. దాంతో పాటు ఫొటో ఒకటి, మెడ వెనక ఎర్రటి అడ్డగీత. మెడగుడ్డ కుట్టించుకోలేదు, "ఉక్కబోతగా ఉంటాది బాబూ" అన్నాడు. మాత్ర ఆపొద్దని, గుడ్డ కట్టమని, వారం కలబందో చల్లటి గుడ్డో వేయమని చెప్పాం. రెండు వారాలకు తగ్గింది. ఇప్పుడు తనతో పాటు గదిలో ఉన్న ఇద్దరు సోంపేట కుర్రాళ్లకూ తనే గుడ్డ కుట్టించాడట.

ఆరో నెల రిపోర్టు రావాల్సి ఉంది. 1.8 దాటితే ఎండ పని నుంచి నీడ పనికి మార్చమని సైట్ డాక్టరుకు రాసే ఉత్తరం ముందే తయారు చేసి అతని ఫైల్లో పెట్టాం. హెపటైటిస్ బి నాలుగో డోసు కాంట్రాక్టు అయి వచ్చాక. ఆ తేదీ కార్డు వెనక పెన్సిలుతో రాయబోతే వద్దన్నాం. ఆ కార్డు మీద ఇంకెవరి రాతా ఉండకూడదు. వాళ్లావిడ క్యాలెండరులో రాసుకుంది.